రెండు గిన్నెల పులిహోర: పర్లాకిమిడి అన్నదమ్ముల కేసు

కుటుంబం ఒప్పుకున్న తర్వాతే ఈ కేసు రాస్తున్నాను. వీధి, వృత్తులు, వయసులు, కొన్ని సంవత్సరాలు మార్చాను. పేర్లు వాడను. ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో దాన్ని బట్టే పిలుస్తాను: తల్లి, అక్క, పెద్దాయన, చిన్నాయన, పెద్ద కోడలు, చిన్న కోడలు.

ఎవరు తెచ్చారు

కేసు మా కుటుంబ సలహా కేంద్రానికి తెచ్చింది అన్నదమ్ముల్లో ఎవరూ కాదు, వాళ్ల అక్క. ఆమెను పాతపట్నం ఇచ్చారు. ఒడిశాలోని పర్లాకిమిడికీ ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నానికీ నడుమ రాష్ట్ర సరిహద్దు ఉన్నమాట నిజమే గాని, అటునుంచి బజారు పనికి ఇటూ, ఇటునుంచి నీలమణి దుర్గమ్మ దర్శనానికి అటూ జనం రోజూ తిరుగుతూనే ఉంటారు. తల్లిని చూడటానికి వచ్చిన ఒక రోజు ఆమె మా గది గుమ్మంలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పారు: "మా తమ్ముళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు మేడమ్. ఇద్దరూ నాతో మాట్లాడతారు. పెద్దవాడి మాట చిన్నవాడికీ, చిన్నవాడి మాట పెద్దవాడికీ మోయలేక చస్తున్నాను. మధ్యలో అమ్మ చిక్కి సగమైంది."

గొడవ దేని గురించి అని అడిగితే "మతం" అన్నారు. తర్వాత వచ్చిన పెద్దాయనా అదే మాట అన్నారు. చిన్నాయన "నా విశ్వాసం వాళ్లకు గిట్టదు" అన్నారు. ముగ్గురూ ఒకటే చెబుతున్నప్పుడు ఫైలు మీద 'మత కలహం' అని రాసి పని మొదలుపెట్టడం తేలిక. నేను ఆ గడి ఖాళీగా వదిలాను. దేవుడి పేరు మీద అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లలో, దేవుడికి సంబంధం లేని పాత బాకీ ఒకటి ఎక్కడో ఉంటుందని నా అనుభవం. అది బయటపడకముందే పేరు పెట్టేస్తే ఆ తర్వాత అందరూ ఆ పేరుతోనే పోట్లాడతారు.

ఇల్లు, ఊరు

తండ్రి బజారులో స్టీలు సామాన్ల కొట్టు పెట్టి, దాని సంపాదనతో ఇల్లు కట్టారు. 2022లో పోయారు. తల్లికి డెబ్బై దాటాయి, మధుమేహం ఉంది. కొట్టు నడిపేది పెద్దాయన, తల్లి ఉండేది ఆయన దగ్గరే. చిన్నాయన గుణుపురంలో ల్యాబ్ టెక్నీషియన్, భార్య నర్సు, వాళ్లకు ఒక కూతురు, ఒక కొడుకు. రెండు ఊళ్లూ నౌపడ–గుణుపురం రైలు మార్గం మీదే ఉన్నాయి. అన్నదమ్ముల చిన్నతనంలో అది నారో గేజి చిన్న బండి. 2011 నుంచి బ్రాడ్ గేజి మీద నడుస్తోంది. రైలు పెద్దదయ్యాకే వీళ్ల రాకపోకలు తగ్గాయి.

చిన్నాయన, చిన్న కోడలు 2019లో బాప్తిస్మం తీసుకున్నారు. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో క్రైస్తవం కొత్తదేమీ కాదు. ఇక్కడ కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేశారు, కొండల మీది సవర పల్లెల్లో తరాలుగా చర్చిలు ఉన్నాయి. కాని బజారులోని తెలుగు వ్యాపారుల వీధి వేరు. ఆ వీధిలో ఆ పని చేసిన మొదటి ఇల్లు ఇదే. పొరుగు జిల్లా కంధమాల్‌లో 2008లో క్రైస్తవుల మీద జరిగిన హింస ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. తమ్ముడి మీద కోపంతో పాటు తమ్ముడి కోసం భయం కూడా పెద్దాయనలో ఉండేది. ఆ రెండోది ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. "కొట్టుకు వచ్చినవాళ్లు అడుగుతున్నారు, నేనేం చెప్పను?" అని మాత్రం అనేవారు.

తండ్రి పోయినప్పుడు చిన్నాయన పాడె మోశారు గాని గుండు చేయించుకోలేదు, నోట్లో బియ్యం వేయలేదు. పన్నెండో రోజున బంధువుల మధ్య పెద్ద మాటలు జరిగాయి. ఆ రోజు సాయంత్రం బండికే చిన్నాయన భార్యాపిల్లలతో గుణుపురం వెళ్లిపోయారు. తర్వాత తల్లి ఇంటి గడప తొక్కలేదు.

గ్రూపులో చదివినది

కుటుంబమంతటికీ వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. అందరి అనుమతితో కొన్ని నెలల సందేశాలు వెనక్కి చదివాను. తెల్లవారుజామున చిన్నాయన నుంచి ఉదయించే సూర్యుడి బొమ్మ మీద ఒక బైబిలు వాక్యం. కాసేపటికి పెద్దాయన నుంచి వేంకటేశ్వరస్వామి. శనివారమైతే ఆంజనేయుడు, లక్ష్మివారమైతే (గురువారం) లక్ష్మీదేవి. మధ్యాహ్నం ఒక ప్రసంగం వీడియో, రాత్రికి ఒక ప్రవచనం వీడియో. ఒకరు పెట్టినదానికి ఇంకొకరు ఒక్క ముక్క జవాబు రాయలేదు. మేనల్లుడు పంపిన క్రికెట్ స్కోరుకు మాత్రం ఇద్దరు మామయ్యలూ చప్పట్ల బొమ్మ పెట్టారు.

ఆ నెలల్లోనే తల్లికి కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. గ్రూపులో దాని ఊసే లేదు. కట్టు విప్పాక ఎప్పుడో అక్క ద్వారా చిన్నాయనకు తెలిసింది. ఆ నెలల్లోనే చిన్నాయన కూతురికి బళ్లో పరుగుపందెంలో మొదటి బహుమతి వచ్చింది. పెద్దాయనకు ఆ సంగతి నా గదిలో కూర్చున్నప్పుడే తెలిసింది. "ఆ పిల్లా? పరిగెత్తిందా?" అని రెండుసార్లు అడిగారు. ఆయన ఎందుకు రెండుసార్లు అడిగారో కింద చెబుతాను.

ఇంకొక సంగతి. తల్లికి ఉన్నది మీటల ఫోను, ఆమె గ్రూపులో లేనే లేరు. మనవలు ఒడియాలో, ఇంగ్లీషులో చదువుకుంటున్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవలేరు. సవర భాష కోసం గిడుగు రామమూర్తి జీవితమంతా శ్రమించిన ఊళ్లో, తెలుగు పిల్లలకు తెలుగు అక్షరం రాకపోవడం గురించి వేరే రాయాలి. ఇక్కడ చెప్పదలచింది ఇంతే: తెలుగులో వచ్చే ఆ వాక్యాలూ శ్లోకాలూ చదవగలిగినవాళ్లు ప్రధానంగా ఆ అన్నదమ్ములిద్దరే, వాళ్లు ఒకరిది ఒకరు చదవరు. ఇద్దరూ దేవుణ్ణి పంపుతున్నామనుకుంటూ ఉండగా ఇంటి సంగతులు పంపేవాళ్లు లేకపోయారు.

కుటుంబ చికిత్సలో ముర్రే బోవెన్ చెప్పిన ఒక విషయం ఈ ఇంటికి సరిగ్గా సరిపోతుంది. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనంత పెరిగితే వాళ్లు మూడో మనిషిని లాగుతారు, త్రికోణం ఏర్పడుతుంది. ఇక్కడ మూడో మనిషి అక్క. ఆమె మోసినంత కాలం అన్నదమ్ములకు ఎదురెదురుగా మాట్లాడవలసిన అవసరం రాలేదు. అందుకని మొదట నేను ఆమెతో ఒక ఒప్పందం చేసుకున్నాను: ఎవరు ఎవరి గురించి ఏమి చెప్పినా "వాడికే ఫోను చేసి చెప్పు" అనాలి. ఆమెకు ఇది కష్టమైంది. "అలా అంటే ఇద్దరూ నాతోనూ మాట్లాడటం మానేస్తారేమో" అన్నారు. కొన్నాళ్లు అలాగే జరిగింది కూడా.

ఆసుపత్రి

పాత బాకీ ఎక్కడుందో ఆ పరుగుపందెం ప్రశ్నతోనే తెలిసింది.

2018లో చిన్నాయన కూతురికి మెదడువాపు వచ్చింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. పిల్ల నడుస్తుందో లేదో చెప్పలేమన్నారు. పెద్దాయన ఒక్కరోజు వచ్చి, రాత్రి బండికి వెళ్లిపోయారు. డబ్బు పంపారు, పెద్ద మొత్తమే పంపారు. ఆసుపత్రి పక్క వీధిలో ఉన్న చిన్న క్రైస్తవ సంఘం వాళ్లు మాత్రం పిల్ల ఇంటికి వెళ్లేదాకా రోజూ వచ్చారు. అన్నం కేరియరు తెచ్చేవారు. చిన్న కోడలు రాత్రి కాస్త నిద్రపోవడానికి ఒక ఆవిడ వచ్చి మంచం పక్కన కూర్చునేది. వాళ్లు ప్రార్థన చేశారా అంటే చేశారు. కాని చిన్నాయన నాకు చెప్పినప్పుడు ప్రార్థన కన్నా ముందు చెప్పింది ఆ కేరియరు గురించి. "మూడు గిన్నెల కేరియరు మేడమ్. పైగిన్నెలో పెరుగు. మా ఆవిడకు పెరుగు లేనిదే ముద్ద దిగదని రెండో రోజుకే కనిపెట్టారు."

తర్వాత ఆయన సంఘంలో సాక్ష్యం, అంటే తన జీవితంలో దేవుడు చేసిన మేలు, అందరి ముందు చెప్పినప్పుడు "నా సొంతవాళ్లు రాలేదు, దేవుని బిడ్డలు వచ్చారు" అన్నారు. దాన్ని ఎవరో ఫోనులో రికార్డు చేశారు. అది పాతపట్నం మీదుగా పెద్దాయన కొట్టు దాకా వచ్చింది. ఆయనకు బాప్తిస్మం కన్నా లోతుగా దిగింది ఈ మాట.

ఆ సమయంలో పెద్దాయన వైపు ఒకటుంది. పిల్ల పుట్టినప్పుడు రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నారట. చిన్నాయన దంపతులు ఆ మొక్కు తీర్చలేదు. జబ్బు చేసినప్పుడు పెద్దాయన ఫోనులో "మొక్కు బాకీ ఉంచుకుంటే ఇలాగే అవుతుంది" అన్నారు. ఐసీయూ బయట నిలబడి ఆ మాట విన్న చిన్న కోడలు నాకు ఏడుస్తూ చెప్పలేదు. చాలా నెమ్మదిగా, ఒక్కో మాట లెక్కపెట్టుకుంటూ చెప్పారు. పిల్ల ఇంటికి వచ్చాక పెద్దాయన తానే రాయగడ వెళ్లి మొక్కు తీర్చారు. ఆ సంగతి తమ్ముడికి చెప్పలేదు.

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టినప్పుడు నేను వాడిన పద్ధతి కుటుంబ చికిత్సలో పేరున్న ఇటలీలోని మిలాన్ బృందం నుంచి వచ్చినది. 'నీకెలా ఉంది' అని అడగకుండా, ఒకరి గురించి ఇంకొకరిని అడుగుతారు. "మీ అన్నయ్య ఆ రాత్రి బండిలో ఏమనుకుంటూ వెళ్లి ఉంటారు?" అని చిన్నాయనను అడిగాను. చాలాసేపు ఆగి, "కొట్టు మూసేసి వచ్చాడు కదా, ఉధారు ఇచ్చినవాళ్లు రేపు తలుపు కొడతారని అనుకుని ఉంటాడు" అన్నారు. పెద్దాయన తల ఎత్తలేదు గాని, "కొట్టు మూస్తే నీకు పంపడానికి డబ్బెక్కడిదిరా?" అన్నారు. తమ్ముడితో నేరుగా ఆయన అన్న మాట అది.

"డబ్బు వచ్చిందన్నయ్యా. నువ్వు రాలేదు."

ఆ రోజు ఇంకేమీ తేలలేదు. తేలవలసిన అవసరమూ లేదని నాకనిపించింది. ఆ రోజు సాయంత్రం ఫైలు మీద ఖాళీగా వదిలిన గడిలో 'ఆసుపత్రి' అని రాశాను.

కబురు వేరు, పిలుపు వేరు

ఇక చేయవలసిన పని. విశ్వాసం గురించి మాట్లాడవద్దని నిషేధం పెట్టే సలహాదారులున్నారు. దానివల్ల రెండు నెలలు ప్రశాంతంగా ఉంటుంది, ఆ తర్వాత ఏ పండక్కో పేలుతుంది. మనిషి జీవితంలో సగభాగం మాట్లాడకూడనిదైతే మిగిలిన సగం గురించి మాట్లాడటానికి వచ్చేదెవరు?

నేను పెట్టిన షరతు వేరు. ఎవరి భక్తి గురించైనా కబురు చెప్పవచ్చు, పిలుపు ఇవ్వకూడదు. "ఆదివారం సంఘంలో పాప పాట పాడింది, గొంతు పట్టేసినా పాడింది" అనేది కబురు. "మీరూ రక్షణ పొందండి" అనేది పిలుపు. "మార్గశిర లక్ష్మివారం, మీ వదిన ఇల్లంతా పిండితో ముగ్గు వేసింది, నడుము పట్టేసింది" అనేది కబురు. "నువ్వు తిరిగి వస్తే అమ్మ ఆరోగ్యం కుదుటపడుతుంది" అనేది పిలుపే. ఎవరో తయారుచేసిన బొమ్మలు, వీడియోలు పంపడం పూర్తిగా బంద్. సొంత ఇంట్లో తీసిన ఫోటో, సొంత గొంతుతో పంపిన మాట, ఇవి రెండే. అక్షరాలు రాని పిల్లలకు, చూపు సరిగా ఆనని తల్లికి గొంతు ఒక్కటే అందుతుంది కాబట్టి ఆ రెండోది ముఖ్యం. ఆదివారం సాయంత్రం అక్క ఫోను నుంచి తల్లి మనవలతో మాట్లాడాలి, మిగతా పెద్దలు ఆ గదిలో ఉండకూడదు.

చిన్నాయన దీనికి వెంటనే ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం కపటం కాదు, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. సువార్త చెప్పడం తన మీద ఉన్న ఆజ్ఞ అని, చెప్పకుండా ఊరుకుంటే రేపు దేవుడికి లెక్క అప్పగించాల్సి ఉంటుందని ఆయన నమ్మకం. నేను వేదాంతం చెప్పలేను. వాళ్ల పాస్టరుగారిని పిలిపించాను. ఆయన వయసు మళ్లినవారు, ఒడియా, తెలుగు, సవర మూడూ మాట్లాడతారు. పేతురు రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం చూపించి, నిరీక్షణకు (తమలోని ఆశకు) కారణం అడిగినవాళ్లకు సాత్వికంగా చెప్పమని అక్కడుంది, అడిగేదాకా ఆగడం కూడా విధేయతే అని చెప్పారు. చిన్నాయన చాలాసేపు ఆ పేజీ వైపు చూశారు. పూర్తిగా సమాధానపడ్డారని అనను. "అన్నయ్య అడగకపోతే?" అని అడిగారు. "అడగడు" అన్నారు పాస్టరుగారు, "నువ్వు ఆసుపత్రి గురించి మాట్లాడు." మా వృత్తిలో అంత సూటిగా మాట్లాడటం మేమెప్పుడూ నేర్చుకోం.

మొదట కొన్ని వారాలు గ్రూపు మూగబోయింది. బొమ్మలు పోయాయి, వాటి స్థానంలో ఏమీ రాలేదు. పంపడానికి తమ దగ్గర ఏమీ లేదని ఇద్దరికీ అర్థమవుతోందని నాకు తెలుసు. దాన్ని ఎవరో ఒకరు పగలగొట్టాలి. అది చిన్న కోడలు చేశారు. వాళ్ల పెరటి గోడ మీద పాకిన ఆనపపాదు ఫోటో పెట్టారు, వెనక గోడకు ఆరేసిన పిల్లాడి చొక్కా కూడా ఉంది. సాయంత్రానికి పెద్ద కోడలు నుంచి జవాబు: "విత్తనం ఎక్కడిది?" తోడికోడళ్లిద్దరూ ఆ రాత్రి విత్తనాల గురించి, పాదుకు పట్టే పురుగు గురించి చాలాసేపు రాసుకున్నారు. వేపనూనె చల్లాలా, బూడిద చల్లాలా అని. అన్నదమ్ములు చదివారు, ఏమీ రాయలేదు. తర్వాతి ఆదివారం అక్క చేతికి ఒక పొట్లం వచ్చింది. గుణుపురం నుంచి రైల్లో పర్లాకిమిడికి, కాగితంలో చుట్టిన ఆనప విత్తనాలు.

కౌన్సెలింగ్ పాఠాలు చెప్పేవాళ్లు ఇలాంటి చోట భర్తల చర్చల గురించి రాస్తారు. నా లెక్కలో ఈ కేసు మలుపు తిరిగింది పాదు దగ్గరే.

ఆదివారం ఫోనులో నానమ్మ మనవరాలికి శ్రీముఖలింగం కథ చెప్పింది. ఇప్పచెట్టు మొదట్లో శివుడు ముఖం చూపించిన కథ. చిన్నాయన కంగారుపడి నాకు ఫోను చేశారు. "అది మీ అమ్మ మీకూ చెప్పిన కథేనా?" అని అడిగాను. అవునన్నారు. "మరి మీరు ఇప్పుడెలా ఉన్నారు?" అన్నాను. ఆయన నవ్వారు. తర్వాతి ఆదివారం మనవరాలు నానమ్మకు క్రిస్మస్ పాట పాడి వినిపించింది. నానమ్మ "ఈ పాట మొత్తం నేర్చుకో, మధ్యలో ఆపేశావు" అని మందలించింది. ఆమెకు పాట ఎవరిది అన్నదానితో పని లేదు.

ఆస్తి మాట

ఇది పైకి రావడానికి సమయం పట్టింది, వచ్చాక త్వరగానే తేలింది. పెద్ద కోడలి పుట్టింటివాళ్లు "మతం మారినవాడికి వాటా ఉండదు" అని చెప్పి ఉన్నారు. చిన్నాయనకూ ఆ భయం ఉంది. చిన్నాయన దంపతుల మీద కేసు పెడతామని బెదిరింపు కూడా ఒకసారి వచ్చింది.

రెండూ తప్పే. ఒడిశాలో 1967 నాటి మతస్వేచ్ఛ చట్టం బలవంతంగా, ప్రలోభపెట్టి, మోసం చేసి మతం మార్చడాన్ని నేరంగా చేస్తుంది. ఒక మనిషి తన ఇష్టంతో విశ్వాసం మార్చుకోవడాన్ని నేరం అనదు. వాటా సంగతికొస్తే, తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమానంగా వస్తుంది. నాలుగు వాటాలు. మతం మారిన కొడుక్కి వాటా పోదు. ఆ చట్టంలోని 26వ సెక్షను చెప్పేది మతం మారిన తర్వాత పుట్టిన పిల్లల గురించి: వారసత్వం తెరుచుకునే నాటికి, అంటే ఆస్తి గలవారు పోయేనాటికి, వాళ్లు హిందువులు కాకపోతే హిందూ బంధువుల ఆస్తికి నేరుగా వారసులు కాలేరు. చిన్నాయన కొడుకు 2021లో పుట్టాడు కాబట్టి ఇది వాడికి వర్తిస్తుంది. అయితే తండ్రి వాటా తండ్రికే ఎప్పుడో వచ్చేసింది. ఆయన తదనంతరం ఆ పిల్లాడికి అది 1925 నాటి భారత వారసత్వ చట్టం ద్వారా వస్తుంది. నానమ్మ తన వాటాను ఎవరికి ఇష్టమైతే వాళ్లకు వీలునామా రాయవచ్చు.

నేను న్యాయవాదిని కాను, ఇదంతా ఒక న్యాయవాది దగ్గర మళ్లీ అడిగించాను. ఇక్కడ అసలు విశేషం అక్కకూ సమానవాటా ఉందని ఆ గదిలో ఎవరికీ తట్టకపోవడం. ఆమె మాత్రం కాఫీ కప్పు కింద పెట్టి "నాకు తెలుసు" అన్నారు. తర్వాత ఆస్తి గురించి ఆ ఇంట్లో మాట రాలేదు.

సంవత్సరీకం

తండ్రి సంవత్సరీకం దగ్గరపడింది. చిన్నాయన కుటుంబం రావాలని తల్లి కోరిక. వస్తే ఏ పనిలో పాలుపంచుకుంటారు, ఏమి తింటారు?

మొదటి ప్రశ్న అనుకున్నంత పెద్దది కాదు. పిండం పెట్టేది ఎలాగూ పెద్దకొడుకే. ఆ సమయంలో చిన్నాయన వెనక గదిలో పిల్లలతో ఉండొచ్చని పెద్దాయనే అన్నారు. గుండు గురించి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రెండో ప్రశ్నే కష్టం. చిన్నాయన నైవేద్యం పెట్టినది తినరు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయం ప్రకారం బజారులో కొన్నదాన్ని గురించి ఆరా తీయకుండా తినవచ్చు గాని, ఇది దేవతలకు అర్పించినదని ఎవరైనా చెబితే తినకూడదు. ప్రసాదం అంటేనే చెప్పి ఇచ్చేది. "నైవేద్యం పెట్టకముందే వాళ్లకు కొంచెం తీసి పక్కన పెట్టండి" అని నేను అడిగాను. పెద్ద కోడలు ఒక్కసారిగా మండిపడ్డారు: "దేవుడికి పెట్టకముందే తీస్తే అది ఎంగిలి. అలా చేస్తే నేను దేవుడికి ఏం పెట్టినట్టు?" ఆమె చెప్పింది నిజం. ఒకరి నియమాన్ని కాపాడటానికి ఇంకొకరి నియమాన్ని విరగ్గొట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు?

మార్గం చెప్పింది కూడా ఆమే. రెండు గిన్నెలు. చింతపండు పులుసు ఒక్కటే ఉడికిస్తారు. అది ఇంకా వంటే, నైవేద్యం కాదు. దాన్ని రెండుగా పంచి, దేవుడి అన్నంలో కలిపేది ఇత్తడి గిన్నెలో, తర్వాత ఇంటివాళ్ల కోసం కలిపేది స్టీలు గిన్నెలో. పోపు రెండు మూకుళ్లలో. స్టీలు గిన్నెలోది అందరికీ పెడతారు, చిన్నాయనకు ప్రత్యేకంగా కాదు. ఆ చివరి మాట ముఖ్యం. వేరే పీట వేసి వేరే విస్తరిలో పెడితే దాన్ని మించిన అవమానం లేదు. స్టీలు గిన్నెలోంచి పెద్దాయన కూడా రెండోసారి వడ్డించుకున్నారని తర్వాత అక్క చెప్పారు. పులిహోరలో కరివేపాకు ఎక్కువైందని తల్లి అన్నారట.

సంఘంలో సాక్ష్యం మార్చి చెప్పమని నేను చిన్నాయనను అడగలేదు. ఆయన సాక్ష్యం ఆయనది. కాని ఆ తర్వాత ఒక ఆదివారం ఆయన అదే సాక్ష్యంలో "మా అన్నయ్య డబ్బు పంపాడు, దానివల్లే బిల్లు కట్టగలిగాను" అని ఒక వాక్యం కలిపారని చిన్న కోడలు చెప్పారు. "సొంతవాళ్లు రాలేదు" అన్న మాట తీసేయలేదు. రికార్డింగు మళ్లీ పాతపట్నం మీదుగా కొట్టుకు చేరిందో లేదో తెలియదు. పెద్దాయన దాని గురించి ఏమీ అనలేదు.

ఇప్పుడు

క్రిస్మస్‌కు పెద్దాయన ఆరాధనకు వెళ్లలేదు, వెళ్లమని ఎవరూ అడగలేదు. మధ్యాహ్న భోజనానికి కొడుకుతో కలిసి గుణుపురం వెళ్లారు. ఇంటి ముందు కట్టిన నక్షత్రం లైటు వెలగకపోతే పెద్దాయన స్టూలెక్కి వైరు సరిచేశారని చిన్న కోడలు ఫోటో పెట్టారు. రాయగడ మొక్కు సంగతి చిన్నాయనకు ఈ మధ్యే తెలిసింది. పెద్దాయన చెప్పలేదు, పెద్ద కోడలు తోడికోడలికి చెప్పారు. చిన్నాయన దాన్ని ఎలా తీసుకున్నారని నేనడిగితే "అన్నయ్య అంతే మేడమ్" అన్నారు. అది మెచ్చుకోలో విసుగో నేను పట్టించుకోలేదు.

ఇంకా చేయవలసినవి ఉన్నాయి. మాఘంలో పెద్దాయన కూతురి పెళ్లి. ముహూర్తం దగ్గర బాబాయి ఎక్కడ కూర్చోవాలన్న తగువు అప్పుడే మొదలైంది. వంటశాల బాధ్యత మొత్తం చిన్నాయనకు ఇద్దామని పెద్దాయన అంటున్నారు, పెద్ద కోడలి పుట్టింటివాళ్లు అడ్డుపడుతున్నారు. కుటుంబ గ్రూపులో ఈ మధ్య ఒక ప్రవచనం వీడియో జారిపడింది, మేనల్లుడు వెంటనే తీసేశాడు.

తల్లి నన్ను అడిగింది మొదటినుంచీ ఒక్కటే: "నేను పోతే చిన్నోడు భుజం పడతాడా తల్లీ?" తండ్రికి పట్టినట్టే పడతానని చిన్నాయన ఆమెకు చెప్పారు. అంతకు మించి ఏమి చేస్తారు, ఏమి చేయరు అన్నది కాగితం మీద రాసుకుంటే పన్నెండో రోజు గొడవ మళ్లీ జరగదని నా అభిప్రాయం. దానికి అక్క, ఇద్దరు తమ్ముళ్లు కలిసి కూర్చోవాలని అడిగాను. చిన్నాయన సెలవు పెట్టుకుంటానన్నారు. పెద్దాయన పెళ్లి అయ్యాక చూద్దామన్నారు, తారీఖు ఇంకా చెప్పలేదు.